కిటికీ ఊచల మధ్య పట్టిన చదువు

ఈ సంగతులు రాసి పెట్టకపోతే, నా గురించి నేనే చెప్పిన ఒక అబద్ధం నిజమైపోతుంది. అందుకే రాస్తున్నాను.

మొన్నామధ్య గజపతినగరం దగ్గర ఒక హైస్కూలు వాళ్ళు పిల్లలకి పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నాకు చెప్పుకోదగ్గ డిగ్రీలేమీ లేవు. కొత్తవలసలో టైర్ల కొట్టు నడుపుకుంటాను. అయినా చదువుకున్నవాడినని నలుగురూ అంటారు. అనడం మర్చిపోతే నేనే గుర్తు చేస్తాను. మాట్లాడడం అయ్యాక పదో తరగతి పిల్ల ఒకతె లేచి, "సార్, మిమ్మల్ని ఇలా తయారు చేసింది ఎవరు?" అని అడిగింది. "మా ఊరి గ్రంథాలయం" అన్నాను. చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో ఆ చప్పట్లు తలుచుకుంటే చిరాకేసింది. గ్రంథాలయం లోపల నేను కూర్చుని చదివింది ఒక్క వేసవి. అంతకుముందంతా దాని బయట, సందులో, నిలబడి చదివాను. ఎందుకు నిలబడ్డానో చెప్పాలంటే చచ్చిపోయిన మా తాత సంగతి చెప్పాలి. ఆయన సంగతి చెప్పకుండా నా సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ కుదరదు. నా కోపమంతా అదే.

నేను పుట్టేనాటికి ఆయన, అంటే మా నాన్న తండ్రి, పోయి ఏడాది కూడా కాలేదు. మా వైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పసిబిడ్డ ఎంతకీ ఏడుపు ఆపకపోతే, ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే బిడ్డ చెవిలో పిలుస్తారు. ఏ పేరు దగ్గర ఊరుకుంటే ఆ మనిషే తిరిగొచ్చినట్టు. నన్ను మా అత్త ఒళ్ళో పెట్టుకుని పిలిచిందట. ముత్తాత పేరుకి ఏడ్చాను. పెదతాత పేరుకి ఇంకా ఏడ్చాను. మా తాత పేరుకి టక్కున ఆపేశాను. అప్పటికి అలిసిపోయి ఉంటానని నా అభిప్రాయం. శిశువుల పెంపకం మీద ఒక పుస్తకం చదివాకే ఈ అభిప్రాయానికొచ్చాను. మా ఇంట్లో ఆ పుస్తకం ఇంకెవరూ చదవలేదు.

పేరైతే పెట్టారు గానీ పిలిచేవాళ్ళు లేరు. మొగుడి పేరని నాయనమ్మ పలకదు. మామగారి పేరని అమ్మ పలకదు. తండ్రి పేరు పెట్టి పిలవడానికి నాన్నకి నోరు రాదు. అమ్మకి నేను బాబుని, నాన్నకి అయ్యని. నాయనమ్మ మాత్రం నన్ను "మావా" అనేది. తాతని జీవితమంతా అలాగే పిలిచిందట. బళ్ళో హాజరు వేసేటప్పుడు తప్ప నా పేరు నా చెవిన పడేది కాదు. పడినప్పుడు, వేరే ఎవరో పలుకుతారులే అని ఒక్క క్షణం ఆగేవాణ్ణి.

నాయనమ్మ పొద్దున్నే సోడంబలి, అంటే రాగి జావ, తాగి వీధి అరుగు మీద చేరేది. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాల మధ్య నుంచి సన్నగా పొగ వదిలేది. మా ఊళ్ళో ముసలమ్మలందరూ అలాగే కాల్చేవారు. ఆవిడ దగ్గర పొగాకు వాసన, ఆముదం వాసన, ఎండు నెత్తళ్ళ చేపల వాసన కలిసి ఉండేవి. ఆ నెత్తళ్ళతోనే నాకూ ఆవిడకీ మొదటి తగువు.

"మావా, నెత్తళ్ళేపుడు వొదిలేస్తన్నావేటి? నీకిష్టం కదేటి!"

"నాకిష్టం లేదు నాయనమ్మా. ముళ్ళు."

"అప్పుడు తిన్నావు కదా?"

"ఎప్పుడు?"

"పెద్దోడు పుట్టకముందు."

పెద్దోడంటే మా నాన్న. నెత్తళ్ళు కంచం అంచుకి నెట్టేశాను.

ఇందులో నాకు లాభం లేదని కాదు. తాత తిన్న కంచు కంచం నాదే. అన్నం మొదట నాకే వడ్డించేవారు, నాన్నకి తరవాత. ఒకసారి స్నేహితులతో కలిసి ఊరవతల జీడితోటలో దూరి, రాలిన పిక్కలు ఏరి, పుల్లలు పేర్చి కాల్చుకుతిన్నాం. జీడి నూనె చిటపటలాడి మూతులు నల్లగా పొక్కిపోయాయి. దొంగతనానికి సాక్ష్యం మొహం మీదే ఉంది. తోటాయన ఇంటికొచ్చి అరిచి వెళ్ళాక నాన్న తాటిమట్ట తీశాడు. నేను వెనక్కి తగ్గకుండా, "కన్నతండ్రిని కొడతావేటిరా?" అన్నాను. నాన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"సూసినావా, ఆ గొంతెవరిదో!" అని లోపల్నుంచి నాయనమ్మ మురిసిపోయింది.

ఆ గొంతు నాది. దెబ్బలు తప్పించుకోవడానికి అప్పటికప్పుడు నేనే కనిపెట్టిన మాట అది. దాన్ని కూడా తాత ఖాతాలో వేసేశారు.

ఇక గ్రంథాలయం సంగతి. మా తాతకి ఒక తమ్ముడు. ఆయన్ని చిన్న తాత అనేవాళ్ళం. మా వీధిలోనే అవతలి చివర ఆయన ఇల్లు. ఆయన పెద్దకొడుకు పెళ్ళయిన మర్నాడు నీచు భోజనాలు పెట్టారు. ఇంటికి పెద్దవాడి ఇస్తరాకులో చేప తలకాయ ముక్క పడాలి. వడ్డించినవాడెవరో చూసుకోకుండా మా తాతకి తోక ముక్క వేశాడు. తాత మొహం చూసి చిన్న తాత నవ్వి, "తోకయితే ఏటన్నా, అదీ సేపే కదా" అన్నాడట. తాత ఎంగిలి చేత్తోనే లేచి నిలబడి, "ఈ జన్మలో కాదు, మళ్ళీ పుట్టినా నీ గుమ్మం తొక్కనురా. తొక్కినానంటే నా ఇంట దీపమెట్టీవోళ్ళుండరు" అని ఒట్టేసి వచ్చేశాడు. ఆ తరవాత కొన్నేళ్ళకి పోయాడు. తిరిగి రాకపోయినా బాగుండేది. వచ్చాడన్నారు, నా రూపంలో.

పంచాయతీ గది కప్పు వానలకి కూలిపోయాక మా ఊరి గ్రంథాలయాన్ని తెచ్చి చిన్న తాత ఇంటి ముందు గదిలో పెట్టారు. ఏడో తరగతిలో ఉండగా మొదటిసారి వెళ్ళాను. గడప దగ్గర చెప్పులు విడుస్తున్నాను. వీధి ఆ చివర్నుంచి నాయనమ్మ చీర ఎగ్గట్టి పరిగెత్తుకొస్తోంది.

"మావా! ఆగు! ఒట్టు! ఒట్టేసినావు, మరిసిపోనావేటి!"

వీధంతా బయటికొచ్చింది. నన్ను రెక్క పట్టి ఇంటికి లాక్కెళ్ళారు. ఒట్టులో దీపం మాట ఉంది కాబట్టి అమ్మ కూడా భయపడింది. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని పొలం వైపు వెళ్ళిపోయాడు. ఇలాంటప్పుడు పొలం పని గుర్తు తెచ్చుకోవడం మా నాన్నకి బాగా వచ్చిన విద్య.

దారి చూపింది లైబ్రరీ మాస్టారు. "గుమ్మం తొక్కకూడదు గానీ కిటికీ మీద ఒట్టు లేదు కదా" అన్నారు. ఆ గదికి సందులోకి ఒక కిటికీ ఉండేది. ఊచలు దగ్గర దగ్గరగా ఉండేవి, చెయ్యి నిటారుగా పెడితేనే దూరేది. ఆ సందుల్లోంచి ఆయన పుస్తకం అందించేవారు, నేను గోడకానుకుని నిలబడి చదివేవాణ్ణి. వానాకాలంలో పెంకుల మీంచి ధార నా వీపు మీద పడేది. పుస్తకం తడవకుండా నేను తడిసేవాణ్ణి.

అయితే ఊచల మధ్య పట్టేవి సన్నటి పుస్తకాలే. కాబట్టి నాకు సన్నటి చదువు వచ్చింది. తేనెటీగల పెంపకం వచ్చు. పాము కరిస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో వచ్చు. నక్షత్రాల పేర్లు, ఆవిరి యంత్రం, కోళ్ళకొచ్చే జబ్బులు, చిన్న కథలు వచ్చు. ఒక నవల రెండో భాగం సన్నం, మొదటి భాగం లావు. రెండో భాగం చదివి మొదటిది నేనే ఊహించుకున్నాను. నిఘంటువు, దేశ చరిత్రలు, వెయ్యేసి పేజీల నవలలు లోపలి బీరువాల్లో వరసగా కనబడేవి. వాటి వెన్నుల మీద బంగారు రంగు అక్షరాలు చదవడమే నాకు దక్కింది.

"మాస్టారూ, ఆ లావుది?"

"లోపలికొచ్చి చదువుకో."

"ఎలాగండీ?"

"అది నువ్వూ మీ తాతా కూర్చుని తేల్చుకోండి" అనేవారు ఆయన నవ్వకుండా.

మూఢనమ్మకాల మీద ఒక చిన్న పుస్తకం కూడా ఆ ఊచల్లోంచే వచ్చింది. ఒట్లూ శాపాలూ ఏమీ చెయ్యవని అందులో కారణాలతో సహా రాసి ఉంది. బాగా నచ్చి రెండుసార్లు చదివాను. ఒక మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు గడప ముందు నిలబడి కాలెత్తాను. కాలు గాల్లో ఉంది. మా ఇంట్లో దేవుడి గూట్లో దీపం కళ్ళ ముందు కనబడింది. కాలు వెనక్కి దించాను. పుస్తకంలో ఉన్న కారణాలన్నీ అప్పటికీ గుర్తున్నాయి. ఒక్కటీ పని చెయ్యలేదు. ఆ రోజు నా మీద నాకొచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

పదో తరగతికొచ్చేసరికి ఇదంతా గొంతు దాకా వచ్చేసింది. వ్యాసరచనలో బహుమతి తెస్తే, "ఆయన మాటకారి కదా" అన్నారు. లెక్కల్లో తక్కువొస్తే, "ఆయనకీ లెక్క రాదు" అన్నారు. కోపమొస్తే ఆయన కోపం. మూతి ముడుచుకుంటే ఆయన మూతి. నాకు పదిహేనేళ్ళు. మీసం మొలుస్తోంది. అది కూడా ఆయన మీసమేనట, కుడి పక్కకి ఒత్తు. అద్దంలో చూసుకుంటే నా మొహం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. స్నేహితులకి ఈ బాధ చెప్తే, "నీకేట్రా, ముందు కూర నీకే కదా" అనేవారు. అప్పుడప్పుడే చేతుల్లోకి టచ్ ఫోన్లు వస్తున్నాయి. వాళ్ళ ధ్యాస వాటి మీద ఉండేది.

పరీక్షలయిన వారానికి మాస్టారు కిటికీలోంచి చెప్పారు, వేసవి దాటగానే గ్రంథాలయాన్ని మండల కేంద్రానికి తీసుకుపోతారని. ఇక్కడ చదివేవాళ్ళు లేరట. బీరువాల వంక చూశాను. ఆ లావు పుస్తకాలు ఒక్కటైనా ముట్టుకోకుండా వెళ్ళిపోతాయి. నేరుగా చిన్న తాత దగ్గరికెళ్ళాను. ఆయన కళ్ళంలో గడ్డి మోపులు కడుతున్నాడు.

"తాతా, ఆ ఒట్టు తీసెయ్యి."

"ఒట్టు నానేసుకున్నానేటి? నువ్వేసుకున్నావు."

"నేను అప్పటికి పుట్టనేలేదు."

"అదే కదా ఒట్టు" అన్నాడు.

మోపు కట్టడం ఆపి నన్ను చూశాడు. నా మీసం వైపు చూశాడనుకుంటాను. "ఆదోరం రా. మీ నాయనమ్మనీ తీసుకురా. అరుగు మీద ఇస్తరేసి తలకాయ ముక్క నా సేత్తో ఎడతాను. కోపం పోనాదని ఒక్క మాటను. ఒట్టు తీరిపోద్ది. నువ్వెప్పుడు కావాలంటే అప్పుడు లోపలికెల్లు."

ఆ మాట ఇంట్లో చెప్తే నాయనమ్మకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆదివారం పొద్దున్నే తలంటి పోసుకుంది, పెట్టెలోంచి నేత చీర తీసింది. వీధిలో నా పక్కన నడుస్తుంటే చూశాను, మామూలుగా ముందు నడిచే మనిషి ఆ రోజు ఒక అడుగు వెనకే నడిచింది. మొగుడితో వెళ్తున్నట్టు.

చిన్న తాత ఇంటి అరుగు కడిగి ముగ్గేశారు. బొచ్చె చేప పులుసు వాసన వీధిలోకే వస్తోంది. నన్ను పీట మీద కూర్చోబెట్టి ఇస్తరేశారు. ఇరుగుపొరుగు వాళ్ళు మెట్ల కింద గుమిగూడారు. ఆయన వంగి, తలకాయ ముక్క నా ఇస్తరిలో పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి.

"అన్నా, కోపం పోనాదా?"

పోయింది అంటే చాలు. గుమ్మం మూడడుగుల దూరంలో ఉంది, లోపల బీరువా కనబడుతోంది. ఆ మాట అనడానికే నోరు తెరిచాను. కానీ అన్నాక లోపలికి వెళ్ళేది ఎవరు? ఆ లావు పుస్తకాలు తెరిచేది ఎవరు? అవి కూడా ఆయన చదివినట్టే అవుతాయి. రేపు వాటిలో ఒక మాట నేను చెప్తే, ఆయన తెలివి అంటారు.

"నేను మీ అన్నని కాదు తాతా" అన్నాను. "ఆయన కోపం ఏంటో నాకు తెలీదు. పోయిందో లేదో నేనెలా చెప్పను? నేను పుస్తకాల కోసం వచ్చాను."

చిన్న తాత మెల్లగా లేచాడు.

"అయితే ఒట్టు నీది కాదు. లెగు. లోపలికెల్లి సదువుకో." తరవాత, నాతో కాదు, ఎవరితోనూ కాదు, "మా అన్న రాలేదన్నమాట" అన్నాడు.

నాయనమ్మ అరుగు దిగి ఒక్కతే ఇంటికెళ్ళిపోయింది. నేను చేప ముట్టకుండా చెయ్యి కడుక్కుని గుమ్మం దాటాను. ఏమీ జరగలేదు. గదిలో పాత కాగితం వాసన, కలరా ఉండల వాసన. అన్నిటికన్నా లావుపాటి పుస్తకం తీసి నేల మీద పెట్టుకుని తెరిచాను. మొదటి పేజీలో మొదటి వాక్యం ఎన్నిసార్లు చదివానో తెలియదు. బయట అరుగు మీద ఎవరో ఇస్తరి ఎత్తుతున్న చప్పుడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా ముందు స్టీలు కంచం ఉంది. మొదట నాన్నకి వడ్డించారు.

"ఒరే, పులుసేసుకుంతావేటి?" అంది నాయనమ్మ.

జీవితంలో మొదటిసారి నన్ను ఒరే అంది. నేను కోరుకున్నది అదే. అందరి ఇళ్ళలో మనవల్ని పిలిచినట్టే పిలిచింది, విసుక్కోలేదు, కోప్పడలేదు. నెత్తళ్ళు మాత్రం ఆ తరవాత మా ఇంట్లో వండలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ వేసవంతా లోపల కూర్చుని చదివాను. నిఘంటువులో 'న' అక్షరం దాకా కూడా రాకముందే పుస్తకాలు గోనె సంచుల్లో కట్టి ఆటోలో ఎక్కించారు.

మరుసటి ఏడు నేను ఇంటరు చదువుతుండగా, చిన్న తాత చిన్నకొడుకు భార్య పుట్టింటి నుంచి మూడో నెల బిడ్డనెత్తుకుని వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి వాడు ఒకటే ఏడుపు. పొద్దున మొదలుపెట్టినవాడు సాయంత్రమైనా ఆపలేదు. వీధంతా వాళ్ళ వాకిట్లో చేరింది. ఇంటికి పెద్దది కాబట్టి నాయనమ్మని పిలిచారు. తోడు నేను వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. అక్కడున్నవాళ్ళు వరసగా పేర్లు పిలిచారు. ఏ పేరుకీ ఊరుకోలేదు. నాయనమ్మ తలెత్తి నా వైపు చూసింది.

"ఒరే, నువ్వు పిలు."

"ఏ పేరు?" అన్నాను, తెలిసే.

"నీదే."

మా అత్త అక్కడ లేదు. మొగుడి పేరు నాయనమ్మ తన నోటితో పలకదు. వంగి, పాల వాసన వేస్తున్న ఆ చిన్న చెవిలో, నా పేరు నేనే పిలిచాను. నా గొంతుతో నా పేరు పెట్టి ఇంకొకర్ని పిలవడం అదే మొదలు. వాడు ఎక్కిళ్ళు పెట్టి, నోరు మూసుకుని, నా వైపు చూశాడు.

చిన్న తాత గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. "వొదినా, అన్న నా గుమ్మం తొక్కీసినాడు" అన్నాడు ఏడుస్తూ, నవ్వుతూ.

"ఏటి తొక్కినాడు?" అంది నాయనమ్మ, చుట్ట నోట్లోంచి తీసి. "తల్లి సంకలో లోపలికెలిపోనాడు. కాలు తగిలిందేటి? మాట తప్పీ మనిసి కాదు."

అందరూ ఘొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా వానలో నిలబడ్డాను. ఎవరైనా నన్ను చంకనెత్తుకుని లోపల దింపితే సరిపోయేదా? ఈ ఉపాయం ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదా? సన్నటి పుస్తకాలన్నీ చదివిన నాకు తట్టలేదా? నాయనమ్మ అప్పటికే బిడ్డ మీదకి వంగిపోయింది. "మావా, ఆకలేస్తందేటి మావా" అంటోంది. చిన్న తాత ఆ పసివాడి పాదాలు పట్టుకుని తోక ముక్క గురించి ఏదో చెప్పుకుంటున్నాడు.

వద్దని విసిరేసిన చొక్కా ఇంకొకరు తొడుక్కుంటే, అది మనకెంత బాగుండేదో అప్పుడు తెలుస్తుంది. నాకు కచ్చితంగా అలాగే అనిపించిందని చెప్పను. కొంచెం అలాగే, కొంచెం హాయిగా, ఎక్కువ భాగం చిరాకుగా అనిపించింది. నేను ఆయన్ని కాదని గెలిచాను. మరి ఎవరిని? జవాబు వెతుక్కుందామంటే, నిఘంటువులో కూడా 'నేను' అన్న మాట దాకా వెళ్ళలేకపోయాను.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ గది లేదు. చుట్ట అలా తిప్పి కాల్చే ముసలమ్మలు ఒకరో ఇద్దరో మిగిలారు. ఏడ్చే పిల్లలకి ఫోన్లో పాటలు పెడుతున్నారు, ఊరుకుంటున్నారు. వాళ్ళకి ఏ పాట పేరు పెట్టాలో తెలియదు గానీ, వాళ్ళు ఎవరి ఒట్లకీ కట్టుబడి వానలో నిలబడక్కర్లేదు. మంచిదే అనుకుంటాను.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాలి. ఊచల్లోంచి పుస్తకాలందించిన లైబ్రరీ మాస్టారు సన్యాసిరావు గారికి. పేర్లు పిలిచిన వరస మళ్ళీ గుర్తు చేసిన అత్త పైడమ్మకి. ఒట్టు నీది కాదని నన్ను లోపలికి పంపిన చిన్న తాత అప్పలస్వామికి. ఎత్తిన చెయ్యి దించిన నాన్న సూర్యనారాయణకి, దీపానికి భయపడిన అమ్మ లక్ష్ముమ్మకి. ప్రశ్న అడిగిన ఆ పదో తరగతి పిల్లకి, పేరు అడగలేదు. నన్ను మావా అనీ, ఒరే అనీ పిలిచిన నాయనమ్మ అప్పలనర్సమ్మకి.

ఇక మిగిలింది తాత. ఆయనకి కృతజ్ఞతలు చెప్పాలో వద్దో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. చెప్పాలంటే పేరు రాయాలి. ఆ పేరు ఇక్కడ రాస్తే, ఇదంతా ఆయనే రాసి కింద సంతకం పెట్టినట్టుంటుంది. రాయను.